కూలర్ వేస్తే మానిటర్ నల్లబడుతోందా? ప్యానెల్ మార్చే ముందు ఎర్తింగ్ చూపించండి

మీరు రాసింది ఇదీ: అనంతపురం సాయినగర్‌లో మేడమీద అద్దె పోర్షన్, ఇంటి నుంచే ఉద్యోగం, ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో 24 అంగుళాల మానిటర్. చలికాలమంతా ఏ ఇబ్బందీ లేదు. ఎండలు ముదిరి కూలర్ బయటికి తీసినప్పటి నుంచి తెర మీద తెల్లటి చుక్కలు మెరుస్తున్నాయి. కూలర్ స్విచ్ వేసినా, ఆపినా తెర రెండు మూడు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తోంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేస్తే చుక్కలు చాలావరకు పోతున్నాయి. ల్యాప్‌టాప్ అంచుకు మణికట్టు ఆనితే జివ్వుమంటోంది. షాపులో చూపిస్తే ప్యానెల్ (బొమ్మ కనిపించే తెర భాగం) పోయింది, మార్చాల్సిందే అన్నారు.

ప్యానెల్ మార్చకండి. మీరు చెప్పిన లక్షణాల్లో ఒక్కటి కూడా ప్యానెల్‌ది కాదు. పోయిన ప్యానెల్‌కు కూలర్ ఎప్పుడు వేశారో, ఛార్జర్ ఎప్పుడు పీకారో తెలియదు కదా. ఇక మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన ఆ జివ్వుమనడం గురించే నేను ఎక్కువ రాయబోతున్నాను. తెర మీద చుక్కలు పని చెడగొడతాయి, అంతే. ఆ జివ్వుమనడం మాత్రం మనిషికి ప్రమాదం. రెండింటికీ మూలం ఒకటే అని నా అనుమానం.

ముందు మానిటర్ మీద ఉన్న నింద తొలగిద్దాం. దీనికి పనిముట్లేవీ అక్కర్లేదు. చుక్కలు వస్తున్నప్పుడు మానిటర్ కింద ఉన్న బటన్ నొక్కి దాని సొంత మెనూ తెరవండి, అదే బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ మార్చే మెనూ. ఆ మెనూ పెట్టె మీద కూడా చుక్కలు, గీతలు కనిపిస్తే తప్పు మానిటర్‌ది. పెట్టె శుభ్రంగా ఉండి చుట్టూ మాత్రమే చుక్కలుంటే, మానిటర్ బాగానే ఉంది, దానికి వచ్చే సిగ్నలే పాడవుతోందని అర్థం. ఎందుకంటే ఆ మెనూను మానిటర్ లోపలి బోర్డు తానే తయారు చేసుకుంటుంది, అది కేబుల్ గుండా రాదు. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపించి చూడండి. ఫోన్‌లో కూడా చుక్కలు కనిపిస్తే గ్రాఫిక్స్ డ్రైవరో, చిప్పో తేడాగా ఉన్నట్టు. కనిపించకపోతే ల్యాప్‌టాప్ బొమ్మను సరిగ్గానే తయారు చేస్తోంది, దారిలోనే ఏదో కలుస్తోంది. మూడోది మీరు ఇప్పటికే చేశారు: ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడపడం. చుక్కలు తగ్గాయంటే కలిసేది కరెంటు లైను నుంచే.

హెచ్‌డీఎంఐలో చుక్కలు, నల్లబడటమే ఎందుకు వస్తాయో కొంచెం చెప్పాలి. పాత వీజీఏ కేబుల్‌లో బొమ్మ వోల్టేజీ రూపంలో వెళ్తుంది కాబట్టి బయటి కరెంటు కలిస్తే బొమ్మ కొద్దికొద్దిగా చెడుతుంది: నీడలు, అలల్లాంటి పట్టీలు, అక్షరాల వణుకు. హెచ్‌డీఎంఐలో వెళ్లేవి బిట్లు. 1080పీ బొమ్మ 60 హెర్ట్జ్‌లో నడవాలంటే సెకనుకు దాదాపు 445 కోట్ల బిట్లు ఆ సన్నటి తీగల్లో వెళ్లాలి. 4కే 60 హెర్ట్జ్ అయితే దానికి నాలుగింతలు. అందులో కొన్ని బిట్లు చెడితే ఆ పిక్సెల్ తెల్లగానో రంగుగానో మెరుస్తుంది. మరీ ఎక్కువ చెడితే మానిటర్‌కు సిగ్నల్ పట్టు తప్పుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్, మానిటర్ మళ్లీ మొదటి నుంచి కలుసుకోవాలి. మీ తెర నల్లబడే ఆ రెండు మూడు సెకన్లు అవే. కూలర్ మోటారు స్విచ్ వేసినా, ఆపినా స్విచ్ లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది, లైనులో ఒక్కసారిగా వోల్టేజీ ఎగదన్నుతుంది. ఎర్తింగ్ సరిగ్గా ఉండి, కేబుల్ మంచిదైతే ఆ దెబ్బ తెర దాకా రాదు. రెండూ సరిగ్గా లేనిచోట హెచ్‌డీఎంఐ కేబుల్ పైనున్న రేకు కవచమే ఆ కరెంటుకు దారి అవుతుంది.

ఇక అసలు విషయం, ఎర్తింగ్. అంటే పరికరాల లోహపు బాడీని వైరుతో భూమికి కలపడం.

ల్యాప్‌టాప్ ఛార్జర్ లోపల, మెయిన్స్ వైపు నుంచి అవతలి వైపుకు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఛార్జర్ పుట్టించే విద్యుత్ రొదను ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ లేకపోతే ఆ కొద్దిపాటి కరెంటుకు వెళ్లడానికి దారి ఉండదు, ల్యాప్‌టాప్ లోహపు బాడీ మీదే నిలబడుతుంది. మల్టీమీటర్ (వోల్టులు కొలిచే పరికరం) పెడితే 100 వోల్టుల దగ్గర చూపించడం మామూలే. కరెంటు మిల్లీ ఆంపియర్‌లో చిన్న వంతు కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. రెండు పిన్నుల ఛార్జర్ అయితే ఇది ఎలాగూ కొంత ఉంటుంది, భయపడాల్సిన పనిలేదు. మీది మూడు పిన్నుల ఛార్జర్ అని రాశారు. మూడు పిన్నులుండి కూడా జివ్వుమంటోందంటే ఆ మూడో పిన్ను ఎక్కడికీ వెళ్లడం లేదనే అనుమానించాలి.

ఇక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. కూలర్, ల్యాప్‌టాప్, మానిటర్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టానని రాశారు. ఆ బోర్డు లోపల మూడు సాకెట్ల ఎర్త్ రంధ్రాలనూ ఒకే రేకు పట్టీ కలుపుతుంది. ఆ పట్టీ గోడలోని ఎర్త్‌కు చేరకపోతే, మూడు పరికరాల బాడీలూ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి, భూమితో మాత్రం కలవవు. కూలర్ ఇనుప డబ్బా, లోపల నీళ్లు, నీళ్లలో మునిగి తిరిగే పంపు. పంపు వైరు మీద తొడుగు చిట్లితే ఆ ఫేజ్ కూలర్ బాడీకి వస్తుంది, అక్కడి నుంచి ఎర్త్ పట్టీ మీదుగా మీ ఛార్జర్‌లోకి, చాలా మూడు పిన్నుల ఛార్జర్లలో లోపలి నుంచి ల్యాప్‌టాప్ బాడీ దాకా వస్తుంది. అప్పుడు మీ మణికట్టుకు తగిలేది జివ్వుమనే కరెంటు కాదు, 230 వోల్టుల పూర్తి కరెంటు. కూలర్ తగిలి షాక్ కొట్టి మనుషులు పోయిన వార్తలు ప్రతి ఎండాకాలం చదువుతూనే ఉన్నాం. అందుకే ఈ రోజే చేయాల్సిన పని ఒకటి: కూలర్‌ను ఆ బోర్డు నుంచి పీకి విడిగా వేరే గోడ సాకెట్‌కు పెట్టండి. అక్కడ ఎర్త్ ఉందని తేలేదాకా కూలర్ ఆన్‌లో ఉండగా దాన్ని తాకకండి. నీళ్లు పోయాలంటే స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకి పోయండి.

మేడమీద పోర్షన్లలో ఎర్త్ ఎందుకు ఉండదంటే, వాటిలో చాలావరకు తర్వాత కట్టినవి. కింది ఇంటి మీటరు దగ్గర నుంచి ఫేజు, న్యూట్రలు రెండు వైర్లు పైకి లాగుతారు, మూడోది లాగరు. రామ్‌నగర్‌లో ఇలాంటి ఫిర్యాదు మీదే వెళ్లిన ఒక ఇంట్లో మెయిన్ ఆపి సాకెట్ ప్లేటు విప్పాం. ఫేజు స్క్రూ కింద ఎర్ర వైరు, న్యూట్రల్ కింద నల్ల వైరు బిగించి ఉన్నాయి. పైన పెద్ద రంధ్రం, అదే ఎర్త్‌ది, దాని వెనక స్క్రూ కొత్తగా మెరుస్తోంది, దాని కింద ఒక్క పోగు కూడా లేదు. ఆకుపచ్చ వైరు జానెడు ముక్క చుట్టగా చుట్టి పెట్టె మూలకు తోసి ఉంది, రెండో కొస గోడలోంచి ఎక్కడికీ వెళ్లడం లేదు. బయటి నుంచి చూస్తే చక్కటి మూడు రంధ్రాల సాకెట్. ఆ ఇంటి వాళ్లు అప్పటికి రెండో మానిటర్ కొన్నారు.

వైరు ఉన్నా, అది భూమిలోకి దిగే ఎర్త్ గుంత ఎండిపోతే అంతే సంగతి. అనంతపురంలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. చాలాచోట్ల ఎర్ర గరుసు నేల, కాస్త కిందికి వెళ్తే బండ. ఉప్పు, బొగ్గు పొరలుగా వేసి పైపు దింపిన ఎర్త్ గుంత తడిగా ఉన్నంతకాలమే కరెంటును భూమిలోకి దించుతుంది. మార్చి నుంచి జూన్ దాకా దానికి నీళ్లు పోసేవాళ్లు ఎంతమంది? కొన్ని ఇళ్లలో గుంత మీద బండలు పరిచేసి ఉంటారు, అది ఎక్కడుందో కూడా తెలియదు. చలికాలం బాగుండి ఎండాకాలం తేడా రావడానికి కూలర్ ఒక్కటే కారణం కాకపోవచ్చు, ఇది కూడా కావచ్చు.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మీరు పనిచేసే చోట ఉన్న సాకెట్‌లో మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయమనండి. మీరు మీటరు వాడటం అలవాటు లేకపోతే స్వయంగా చేయకండి. ఫేజు, న్యూట్రల్ మధ్య 230 చుట్టూ ఉండాలి. ఫేజు, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. రెండో కొలత సగానికి సగం చూపిస్తే ఎర్త్ తెగి ఉన్నట్టే. మూడోది పదులలో ఉంటే గుంత ఎండిందో, న్యూట్రల్ ఎక్కడో లూజుగా ఉందో చూడాలి. డిజిటల్ మీటరు ఒక్కోసారి లేని వోల్టేజీని కూడా చూపిస్తుంది కాబట్టి, అనుభవం ఉన్నవాళ్లు ఫేజుకు, ఎర్త్‌కు మధ్య బల్బు పెట్టి కూడా చూస్తారు. అలా చూసేటప్పుడు మిగతా ప్లగ్గులన్నీ పీకేయాలి. ఎర్త్ తెగి ఉంటే ఆ బల్బు గుండా వచ్చిన ఫేజు మిగతా పరికరాల బాడీలకు ఎక్కుతుంది. బల్బు నిండుగా వెలిగిందని గుంత బాగుందని కూడా అనుకోకూడదు. గుంత నిరోధం కొలవడానికి ఎర్త్ టెస్టర్ విడిగా ఉంటుంది.

మూడో కొలత, అంటే న్యూట్రల్, ఎర్త్ మధ్య, కూలర్ నడుస్తున్నప్పుడు కూడా కచ్చితంగా సున్నా వస్తే సంతోషించకండి, సాకెట్ విప్పించి చూడండి. కొందరు ఎర్త్ వైరు లాగే శ్రమ తప్పించుకోడానికి న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న వైరు ముక్క కలిపేస్తారు. టెస్ట్ బల్బు వెలుగుతుంది, జివ్వుమనడం ఆగుతుంది, తెర కూడా బాగుపడొచ్చు. కానీ ఎప్పుడైనా న్యూట్రల్ వైరు తెగితే అలా కలిపిన సాకెట్లకు పెట్టిన ప్రతి ఇనుప వస్తువు మీదా ఫేజు నిలబడుతుంది. ఆ ముక్క కనిపిస్తే అక్కడికక్కడే తీయించండి.

సరైన దారి ఒక్కటే. గుంత నుంచి మీ పోర్షన్ దాకా ఆకుపచ్చ వైరు విడిగా లాగించడం, గుంతకు ప్రాణం పోయడం లేదా కొత్తది తవ్వించడం. ఇప్పుడు బెంటొనైట్ మట్టి లాంటి మిశ్రమంతో వేసే రెడీమేడ్ ఎర్తింగ్ దొరుకుతోంది, దానికి తరచూ నీళ్లు పోసే అవసరం తక్కువ. దాంతోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించండి. ఎర్తింగ్‌కు అది బదులు కాదు, రెండూ ఉండాలి. ఇంటి ఓనరుతో మాట్లాడేటప్పుడు మానిటర్ మాట ఎత్తకండి, కూలర్ మాట చెప్పండి. తెర మీద చుక్కలంటే ఎవరూ డబ్బు పెట్టరు. పిల్లలు కూలర్‌ను పట్టుకుంటే ఏమవుతుందో చెబితే వింటారు, వినాలి కూడా.

ఒక హెచ్చరిక. మానిటర్ ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొడితే, లేదా రెండు పిన్నుల అడాప్టర్ పెడితే గీతలు పోతాయని మీకు ఎవరో ఒకరు చెబుతారు. నిజంగానే పోవచ్చు, ఎందుకంటే ఎర్త్‌ల మధ్య తిరిగే కరెంటు దారి తెగుతుంది. అలా చేయొద్దు. రక్షణ కోసం పెట్టిన వైరును బొమ్మ కోసం కోసినట్టు అవుతుంది. ఆ తిరుగుడు కరెంటు పోవాలంటే ల్యాప్‌టాప్, మానిటర్ రెండింటినీ ఎర్త్ ఉన్న ఒకే బోర్డుకు పెడితే చాలు. సెట్‌టాప్ బాక్సును కూడా అదే మానిటర్‌కు తగిలించి ఉంటే కేబుల్ టీవీ వైరు పీకి చూడండి, ఆ వైరు మీదుగా వీధిలోని కరెంటు రావడం చాలా ఇళ్లలో చూశాను.

ఎర్త్ సరయ్యాక కేబుల్ సంగతి. మానిటర్ వెనక మీరు మిగిలిన పొడవును చుట్టచుట్టి పవర్ వైరుతో కలిపి టై బిగించానని రాశారు కదా, అది విప్పండి. హెచ్‌డీఎంఐ కేబుల్ పవర్ వైరుకు జానెడు దూరంలో ఉండాలి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. ఐదు మీటర్ల కేబుల్ మీకు అవసరమే లేదు, మీటరున్నర చాలు. కొనేటప్పుడు పెట్టె మీద ప్రీమియం హై స్పీడ్ అని, స్కాన్ చేయగల లేబుల్ ఉన్నది చూసుకోండి. ఆ ముద్ర కోసం 18 గిగాబిట్ల వేగాన్నే కాదు, కేబుల్ బయటికి ఎంత రొద వదులుతుందో కూడా పరీక్షిస్తారు. బంగారు పూత, అల్లిన తొడుగు చూసి మోసపోకండి, అవి పై మెరుగులు. రెండు కొసల దగ్గరా ఫెర్రైట్ రింగులు (రొదను అడ్డుకునే చిన్న నల్లటి రింగులు) క్లిప్ చేస్తే ఇంకా మంచిది. కొత్త కేబుల్ వచ్చేలోగా పని ఆగకూడదంటే విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్ నుంచి అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి రిఫ్రెష్ రేటు తగ్గించండి. 75 ఉంటే 60కి, 60 ఉంటే, జాబితాలో కనిపిస్తే, 30కి. బిట్ల వేగం తగ్గితే చుక్కలు తగ్గుతాయి. తగ్గాయంటే కేబుల్ మీద అనుమానం బలపడినట్టే.

మీ ఇంట్లో ఇంకో రెండు మూడు అనుమానితులున్నాయి. ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఫ్యాన్ హుమ్మని మోగుతోందంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. దాని కరెంటు రొదతో నిండి ఉంటుంది, కరెంటు పోయినప్పుడే తెర ఎక్కువ చెడుతోందేమో గమనించండి. గుండ్రంగా తిప్పే ఫ్యాన్ రెగ్యులేటర్లలో డిమ్మర్ రకానివి రొద పుట్టిస్తాయి, టకటకమని మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం వాటితో ఈ బాధ ఉండదు. వోల్టేజీ తక్కువగా ఉందని మానిటర్‌కు స్టెబిలైజర్ పెట్టారట, తీసేయండి. మానిటర్ వెనక లేబుల్ చూస్తే 100 నుంచి 240 వోల్టుల దాకా తానే సర్దుకుంటుందని రాసి ఉంటుంది. స్టెబిలైజర్ లోపల రిలే టక్కుమన్న ప్రతిసారీ లైనులో ఇంకో దెబ్బ తగులుతుంది.

కుర్చీలోంచి లేచినప్పుడు కూడా ఒక్కోసారి తెర నల్లబడుతోందని రాశారు, అది కూడా నిజమే. గ్యాస్ సిలిండర్‌తో పైకీ కిందికీ జరిగే ఆఫీసు కుర్చీల మీద, పొడి గాలిలో, మనం కూర్చుని లేస్తుంటే స్థిర విద్యుత్తు పోగవుతుంది. అది ఒక్కసారిగా వదిలినప్పుడు పుట్టే తరంగాన్ని బలహీనమైన వీడియో కేబుల్ పట్టుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలుసు కదా. మంచి కేబుల్‌తో, ఫెర్రైట్‌తో ఇది సాధారణంగా ఆగిపోతుంది.

టైప్-సీ హబ్ మీదుగా మానిటర్ తగిలించే వాళ్లు కూడా ఇది చదువుతుంటే, హబ్ తీసి నేరుగా పెట్టి చూడండి, హబ్ వేడెక్కితేనే సగం తంటాలు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న కన్వర్టర్ వాడేవాళ్లకు మినుకు మినుకుమంటుంటే, దానికి పక్కన మైక్రో యూఎస్‌బీ రంధ్రం ఉందేమో చూసి విడిగా పవర్ ఇవ్వండి. హెచ్‌డీఎంఐ పోర్టు ఇచ్చే కరెంటు చాలా కొద్ది, ప్రమాణం ప్రకారం కనీసం 55 మిల్లీ ఆంపియర్లు ఇస్తే చాలు, అంతకుమించి ఇవ్వాలని లేదు. ఇంకా వీజీఏనే వాడే డీటీపీ సెంటర్లలో తెర మీద అడ్డంగా పట్టీలు పారుతుంటాయి. తెర 60 హెర్ట్జ్, మన కరెంటు 50 హెర్ట్జ్, రెండూ కలవవు కాబట్టి పట్టీ నిలబడదు. కదిలే పట్టీ కరెంటుది, కదలకుండా ఒకే చోట నిలబడే సన్నటి నిలువు గీత ప్యానెల్‌ది. ప్యానెల్ గీత కేబుల్ పీకేసినా, మెనూ తెరిచినా అక్కడే ఉంటుంది.

మానిటర్ తప్పే అయ్యే ఇంకో సందర్భం కూడా చెప్పాలి. ఉదయం ఆన్ చేయగానే మినుకుమని, పావుగంట వేడెక్కాక కుదురుకునే పాత మానిటర్లలో సాధారణంగా పవర్ బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి. మన ఎండలకు అవి తొందరగా ఎండిపోతాయి. వాటిని మార్చడానికి ప్యానెల్ ఖర్చులో చిన్న వంతు చాలు. మీరే విప్పకండి, ప్లగ్గు పీకాక కూడా ఆ బోర్డులోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

ఎర్త్ సరిచేయించి, పొట్టి కేబుల్ మార్చి, కూలర్ వేరే సాకెట్‌కు పెట్టాక కూడా నల్లబడటం ఆగకపోతే, మానిటర్‌ను, అదే కేబుల్‌ను, ల్యాప్‌టాప్‌ను తీసుకుని ఎర్త్ బాగుందని తెలిసిన ఇంకో ఇంట్లో ఒక సాయంత్రం నడపండి. అక్కడ కూడా చెడితే ల్యాప్‌టాప్ మార్చి చూడండి, ఆ తర్వాతే మానిటర్ బోర్డు మీదికి వెళ్దాం. వారంటీ ఉంటే అప్పుడు కంపెనీ సర్వీసు సెంటర్‌కే ఇవ్వండి, బయట విప్పించకండి. ఎలక్ట్రీషియన్ తీసిన మూడు కొలతలు, మెనూ పెట్టె మీద చుక్కలు కనిపించాయో లేదో రాస్తే మిగతాది చెబుతాను.